గోవా ట్రిప్పు, కొబ్బరి దింపు

ప్రశ్న: సర్, నమస్తే. మాది అంబాజీపేట మండలం. బీకామ్ అయ్యాక ఆగస్టులో భీమవరంలో ఒక కాలేజీలో ఎంబీఏలో చేరాను. బ్యాంకు నుంచి ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. ఫీజు నేరుగా కాలేజీకే వెళ్తుంది. నేనుండేది ప్రైవేటు హాస్టల్ కాబట్టి ఆరు నెలల హాస్టల్ డబ్బు 30 వేలు నా అకౌంటులో పడింది. నాన్న తోటలో కొబ్బరికాయల దింపు అయినప్పుడల్లా, అంటే రెండు నెలలకోసారి 12 వేలు వేస్తారు. ఇప్పటికి రెండుసార్లు వేశారు. క్లాసులో మేం ఎనిమిది మంది ఒక గ్యాంగు, అందులో ఐదుగురు ఇంజినీరింగ్ చేసి వచ్చినవాళ్లే. నాలుగు నెలలు తిరిగేసరికి నా అకౌంటులో 300 రూపాయలు మిగిలాయి. మారేడుమిల్లి ట్రిప్పుకి నా ఫోన్ నుంచే డబ్బులన్నీ కట్టాను. నలుగురు 800 చొప్పున ఇంకా ఇవ్వాలి, అడగడానికి మొహమాటం. ఒక స్నేహితురాలికి 5 వేలు అప్పిచ్చాను, వాళ్ల నాన్నగారి రొయ్యల చెరువు పోయిందట. ఒక అబ్బాయి తన సిబిల్ స్కోరు బాగాలేదని నా పేరు మీద ఈఎమ్ఐలో ఫోన్ తీసిమ్మంటున్నాడు, నెలనెలా తనే కడతాడట. సంక్రాంతి సెలవులయ్యాక గోవా అంటున్నారు, మనిషికి 14 వేలు. ‘ఎంబీఏ అంటే నెట్‌వర్కే’ అని సీనియర్లు చెప్తుంటారు. వెళ్లకపోతే నన్ను పక్కన పెట్టేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. అమ్మ డ్వాక్రా గ్రూపు లీడర్. ఆవిడకి ఇదంతా ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: నీ వయసు అమ్మాయి మా ఇంట్లోనూ ఉంది తల్లీ, అందుకని ‘నువ్వు’ అనే అంటాను, ఏమీ అనుకోకు.

ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం. వద్దు. ‘ఆలోచించి చెప్తాను’ అని కూడా అనకు, ఈరోజే ‘కుదరదు’ అని చెప్పు. నీ పాన్, నీ ఆధార్ ఇచ్చి తీసుకుంటే ఆ అప్పులో నువ్వు హామీదారువి కూడా కావు, అప్పు చేసిందే నువ్వు. పైగా నీకు ఆదాయం లేదు. ఫారంలో ఏదో ఒక ఉద్యోగం, ఏదో ఒక జీతం రాయిస్తారు, ఆ అబద్ధం కింద ఉండేది నీ సంతకం. సిబిల్ స్కోరంటే అప్పులు ఎంత సరిగా తీరుస్తున్నామో చెప్పే అంకె, 300 నుంచి 900 దాకా ఉంటుంది; వాడు రెండు వాయిదాలు ఎగ్గొడితే పడిపోయేది నీ స్కోరు. ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగ ప్రకటనల్లో అభ్యర్థి రుణ చరిత్ర బాగుండాలని నిబంధన పెడుతున్నారు. ఎంబీఏ చదివి బ్యాంకు ఉద్యోగానికి వెళ్లినప్పుడు, ఎవడో వాడిన ఫోన్ నీకు అడ్డం పడకూడదు కదా. తన సిబిల్ బాగాలేదని వాడే చెప్తున్నాడు. అంతకంటే పెద్ద హెచ్చరిక నేనేమివ్వగలను?

ఇక డబ్బు ఎటు పోయిందో చూద్దాం. నువ్వు పంపిన అకౌంటు వివరాలన్నీ కూర్చుని లెక్కగట్టాను. వచ్చింది: లోన్ 30 వేలు, నాన్న ఇచ్చింది 24 వేలు, మొత్తం 54 వేలు. పోయింది: నాలుగు నెలల హాస్టల్ 20 వేలు; రీచార్జి, బస్సు చార్జీలు, సబ్బులు, జిరాక్సులు కలిపి 6 వేలు; చేబదులుగా ఇతరుల దగ్గర ఉన్నది 8,200. మిగతా 19,500 స్నేహితులతో ఖర్చు. అందులో పుట్టినరోజుల కేకులకి, గిఫ్టులకి 3 వేలు, హుడీలకి, ఎత్నిక్ డేకి 2,900, మారేడుమిల్లికి నీ వంతు 3,800. ఇవేవీ నన్ను భయపెట్టలేదు. శని, ఆదివారాల బిర్యానీలు, టీలు, జ్యూసులు 9,800! ట్రిప్పంటే అందరూ లెక్క వేసుకుంటారు, బిర్యానీకి ఎవరూ వేసుకోరు.

రాబోయే రెండు నెలల హాస్టల్‌కి ఉండాల్సిన 10 వేలు లోన్ డబ్బు ఇప్పుడు లేదు, అదీ అసలు సమస్య. ఆ 10 వేలు ఎంతకు తేలతాయో చెప్తాను. లెక్క కోసం వడ్డీ పదిన్నర శాతం అనుకుందాం. మన ఊరి భాషలో నూటికి నెలకి 87 పైసల పైన. చదువుతున్నంత కాలం, ఆ పైన ఇంకో ఏడాది కట్టక్కర్లేదు గానీ బారువడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇప్పటి నుంచి రెండేళ్ల ఎనిమిది నెలలు లెక్కేస్తే, వాయిదాలు మొదలయ్యేసరికి ఆ 10 వేలు 12,800 అవుతాయి. దాన్ని ఏడేళ్లలో తీరిస్తే నెలకి 216 రూపాయలు, మొత్తం 18 వేల పైన. గోవాకి 14 వేలు ఇలాగే లోన్ డబ్బులోంచి తీశావనుకో, అది 25 వేలు దాటుతుంది. నీకు ముప్పై ఏళ్లు దాటాక కూడా ఆ బీచ్‌కి కంతులు కడుతుంటావు.

ఇప్పుడు చేతిలో 300. నలుగురి దగ్గర నుంచి రావాల్సింది 3,200. పండగ ముందు దింపు పడితే 12 వేలు. మొత్తం 15,500. రెండు నెలలకి హాస్టల్, సొంత ఖర్చులు కలిపి 13 వేలు పక్కన పెట్టు. మిగిలింది 2,500, అంటే స్నేహానికి నెలకి 1,250. ఈ అంకె నేను నిర్ణయించింది కాదు, మీ నాన్న కొబ్బరి తోట నిర్ణయించింది. గోవా ఇందులో పట్టదు, అది నీకూ తెలుసు. తెలిసే రాశావనుకుంటున్నాను.

అయితే ‘వెళ్లకపోతే పక్కన పెట్టేస్తారేమో’ అన్నావు, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. నేనూ ఎంబీఏ చదివినవాణ్ణే. ఆ రెండేళ్లూ ఒంటరిగా తిరిగినవాడికి చదువు సగమే అందుతుంది. గ్రూప్ ప్రాజెక్టు, ప్రెజెంటేషన్, కేస్ డిస్కషన్, ప్లేస్‌మెంట్ ముందు మాక్ ఇంటర్వ్యూ, ఒక్కటి కూడా ఒంటరిగా అయ్యేది కాదు. కాబట్టి సీనియర్లు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ నెట్‌వర్క్ బిల్లు కట్టే చోటే పుడుతుందని వాళ్లు అనుకుంటున్నారు, అక్కడే నాకు పేచీ. నాకు మొదటి ఉద్యోగం గురించి కబురు పెట్టినవాడు నాతో ఏ ట్రిప్పుకీ రాలేదు. మెకానికల్ చదివి వచ్చాడు. డెబిట్ ఎటో క్రెడిట్ ఎటో అర్థం కాక, పరీక్షకి రెండు రాత్రుల ముందు పుస్తకం నా మంచం మీద పడేశాడు. బ్యాలెన్స్ షీట్ కలిసేదాకా కూర్చున్నాం. నువ్వు బీకామ్, మీ గ్యాంగులో ఐదుగురు ఇంజినీర్లు. నీ దగ్గరేముందో నీకు అర్థం కాలేదనిపిస్తోంది.

మనవైపు ఇంకో జబ్బుంది, నాకూ ఉంది. టిఫిన్ సెంటర్‌లో బిల్లు రాగానే ‘ఆయ్, మీరుండండి’ అంటూ నలుగురూ జేబులో చెయ్యి పెడతాం. గోదావరి మర్యాద అంటారు దాన్ని. చెరువులున్న ఇంటి పిల్లలు అలా అంటే చెల్లుతుంది, లోన్ మీద చదివేవాళ్లు అంటే ఆ మర్యాద బ్యాంకుది. కానీ ఆ మర్యాదకి మన పెద్దవాళ్లు లెక్క కూడా పెట్టుకున్నారు. పెళ్లిలో చదివింపుల దగ్గర బల్ల వేసుకుని ఒకాయన కూర్చుంటాడు చూడు. ఎవరు ఎంత ఇచ్చిందీ ఇంటిపేరుతో సహా రాస్తాడు. రాసినందుకు ఎవరూ నొచ్చుకోరు. మన పేరు రాయకపోతేనే గొడవ.

ఇంకా దగ్గరి ఉదాహరణ మీ ఇంట్లోనే ఉంది, మీ అమ్మ డ్వాక్రా గ్రూపు. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ 1992లో ఇలాంటి స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. ఆ సంఘాలకి పంచసూత్రాలని ఐదు ఉంటాయి: క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, సభ్యుల మధ్య అప్పులు, వాటిని సమయానికి తీర్చడం, పుస్తకాలు సరిగా రాయడం. మీ అమ్మను అడుగు, నిద్రలో లేపినా చెప్తుంది. పది మంది ఆడవాళ్లు చేపల కూర నుంచి కోడళ్ల దాకా అన్నీ మాట్లాడుకుంటూనే పైసాతో సహా పుస్తకంలో రాస్తారు. ఎనిమిది మంది ఎంబీఏ విద్యార్థులకి మాత్రం ఒక నోట్‌బుక్ లేదు! మీ మార్కెటింగ్ మేడమ్ వినకుండా చూసుకో.

అందుకని మొహమాటం లేకుండా గ్రూపులో ఈ మెసేజ్ పెట్టు: ‘మారేడుమిల్లి లెక్క ఇది. మొత్తం 30,400, తలకి 3,800. ఇంకా నలుగురివి 800 చొప్పున రావాలి. నాకు హాస్టల్ డబ్బు కట్టాలి, ఆదివారంలోగా వేసేయండి.’ ఎవరి పేరూ రాయకు, నవ్వే బొమ్మలు కూడా పెట్టకు. ఇకపై నీ ఫోన్‌తో టికెట్లు తీయాల్సి వస్తే అందరి డబ్బూ పడ్డాకే తియ్యి. లెక్కలు పంచుకునే యాప్‌లున్నాయి, స్ప్లిట్‌వైజ్ లాంటివి. అది వాడతారో, మీ అమ్మలా పుస్తకం రాస్తారో మీ ఇష్టం.

చెరువు పోయిన అమ్మాయిది వేరే సంగతి. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చిందంటే రాత్రికి రాత్రి పెట్టుబడంతా పోతుంది, భీమవరంలో ఉన్నావు కాబట్టి నీకు చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా అందరికీ బిల్లు కట్టిన పిల్ల ఇవాళ నీ దగ్గర 5 వేలు తీసుకుందంటే, ఎంత కష్టంగా అడిగిందో. ఆమెను గ్రూపులో అడగకు. విడిగా టీ తాగుతూ ‘మళ్లీ రొయ్యల పట్టుబడి ఎప్పుడు?’ అని అడుగు. చెరువులో మళ్లీ రొయ్య పిల్ల వేస్తే మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పటికి ఒక తేదీ అనుకోండి, లేదంటే నెలకి 500 చొప్పున ఇవ్వమను. నా రూమ్మేట్ ఒకడు నాకు రెండు వేలు బాకీ పడ్డాడు. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. మెస్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి రావడం మానేశాడు. రెండు వేలు పోయినందుకు బాధ లేదు, రెండో సంవత్సరమంతా వాడు వేరే బల్ల మీద తిన్నాడు. పై లెక్కలో ఈ 5 వేలు నేను కలపలేదు, గమనించావా? వస్తే అది ఇంటర్న్‌షిప్‌కి.

ఇంటర్న్‌షిప్ అన్నాను కదా. మే, జూన్‌లలో నువ్వు వైజాగో హైదరాబాదో వెళ్లాల్సి రావచ్చు. పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్‌కి అడ్వాన్సు, రెండు నెలల తిండి, తిరుగుడు. స్టైపెండ్ ఇవ్వని కంపెనీలు కూడా ఉంటాయి. మీ గ్యాంగులో ఎవరూ దీని గురించి మాట్లాడి ఉండరు. కోర్సుకి అవసరమైన స్టడీ టూర్, ప్రాజెక్టు ఖర్చుల్ని ఎడ్యుకేషన్ లోన్‌లో చూపించే వీలు చాలా బ్యాంకుల్లో ఉంది. మంజూరు పత్రంలో ఏమేం రాశారో ఒకసారి చదువు. కాలేజీ తీసుకెళ్లే ఇండస్ట్రియల్ విజిట్ అందులోకి రావచ్చు, గోవా రాదు.

గోవాకి రానని చెప్పేటప్పుడు జ్వరమనో, మేనమామ కూతురి పెళ్లనో చెప్పకు. ‘నా బడ్జెట్ నెలకి 1,250, ఈసారి రాలేను’ అని చెప్పు. చెప్పి ఊరుకోకుండా, కనుమ నాడు మీ ఇంటికి పిలువు. ఆ రోజు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట మీ మండలంలోనే కదా. పదకొండు ఊళ్ల ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ఎత్తయిన వెదురు చట్రాలు, చేలకు అడ్డం పడి, కొన్ని కౌశిక కాలువ కూడా దాటి వస్తుంటే చూడాలంటే టికెట్టేమీ లేదు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఆ ప్రభల తీర్థమే. మీ ఇంట్లో పండగ వంట ఎలాగూ ఉంటుంది, ఏడుగురికి ఇంకో రెండు కేజీల బియ్యం. గోవా వెళ్లినవాళ్లు కూడా దీన్ని మర్చిపోరని పందెం కాయగలను, కోళ్ల జోలికి వెళ్లకుండా.

అమ్మకి పండగ ముందే చెప్పెయ్యి. నా ఉత్తరం కాకుండా, పైన వేసిన లెక్క కాగితం చూపించు. గ్రూపు లీడర్‌గా ఇలాంటివి ఆవిడ చాలా చూసే ఉంటుంది.

సెలవుల్లో ఇంకో పని. మీ కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపే ఉంటే, వృత్తి విద్యా కోర్సుల లోన్లకి చదువు కాలం, ఆ పైన ఏడాది వరకు వడ్డీ మొత్తం కేంద్రం భరించే పథకం ఉంది. నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులుంటాయి: కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ, కోర్సుకి ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉండాలి. చదువు మధ్యలో మానేస్తే రాదు. మీ ఊరి సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టి, అది చేతికి రాగానే లోన్ ఇచ్చిన బ్రాంచిలో ‘నా ఫైలు వడ్డీ సబ్సిడీకి పంపారా?’ అని అడుగు. పంపలేదంటే అక్కడే కూర్చుని పంపించే రా. అది వస్తే, పైన చెప్పిన 12,800లో ఆ 2,800 నీ నెత్తిన పడవు.