ఆటగాళ్లు వెళ్లిపోయారు, లెక్క మాత్రం పోలేదు

ప్రశ్న: మిన్నెసోటా వైల్డ్ ఐస్ హాకీ జట్టు 2021లోనే జాక్ పరీసేని, ర్యాన్ సూటర్‌ని వదిలేసింది కదా. మరి 2025 దాకా వాళ్ల పేరు మీద అంత డబ్బు క్యాప్‌లో ఎందుకు చూపించారు?
- ఓ పాఠకురాలు, సెయింట్ పాల్

జవాబు: క్యాప్ అంటే జట్టు ఏడాదికి ఆటగాళ్ల మీద పెట్టగల ఖర్చుకి లీగ్ పెట్టిన హద్దు. 2012 జులై 4న వైల్డ్ ఈ ఇద్దరికీ చెరో 9.8 కోట్ల డాలర్లు, 13 ఏళ్లకు రాసిచ్చింది. తొలి రెండేళ్లు 1.2 కోట్ల చొప్పున, చివరి రెండేళ్లు 10 లక్షలే. క్యాప్‌కి మాత్రం ఏటా సగటే లెక్క: 75.38 లక్షలు. సగటు దించడానికే అన్నేళ్లు సాగదీయడం! 2013లో వచ్చిన నిబంధన సొంత ఆటగాడికైనా 8 ఏళ్లు మించి ఇవ్వకూడదంది.

బైఅవుట్ చేస్తే, అంటే గడువుకు ముందే డబ్బిచ్చి ఒప్పందం తెంచేస్తే, 26 ఏళ్లు నిండినవాళ్లకు మిగిలిన జీతంలో మూడింట రెండొంతులు, మిగిలిన కాలానికి రెట్టింపు ఏళ్లలో ఇవ్వాలి. ఒక్కొక్కరికి నాలుగేళ్లలో రావలసినవి 60, 20, 10, 10 లక్షలు, అంటే కోటి. అందులో 66.67 లక్షలు ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 8.33 లక్షలు. ఇంతవరకూ చవకే. మెలిక ఇక్కడుంది: క్యాప్‌లో ఆ 75.38 లక్షల సగటు నుంచి తగ్గేది ఆ ఏడాది జీతంలో ఆదా అయినంతే. మొదటి ఏడాది 51.67 లక్షలు ఆదా, కాబట్టి క్యాప్‌లో పడింది 23.71 లక్షలే. మూడో ఏడాది జీతమే 10 లక్షలు; ఆదా 1.67 లక్షలు, క్యాప్‌లో 73.71 లక్షలు. ఇద్దరికీ కలిపి 1.47 కోట్లు దాటింది. 2023-24లో క్యాప్ 8.35 కోట్లు. జట్టులో లేని ఇద్దరికే ఆరో వంతు పైన! నాలుగో ఏడాదీ అంతే. ఆ తర్వాత 2028-29 దాకా ఏటా ఇద్దరికీ 16.67 లక్షలు.

తెలిసి తెలిసీ ఎందుకు చేశారంటే, వారం రోజుల్లో సియాటిల్ కొత్త జట్టు కోసం ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ ఉంది, అంటే పాత జట్లు కాపాడుకోని ఆటగాళ్లలోంచి కొత్త జట్టు ఎంచుకుంటుంది. వైల్డ్ ఎంచుకున్న పద్ధతిలో ముగ్గురు డిఫెన్స్ ఆటగాళ్లనే కాపాడుకోవచ్చు. కదపకూడదన్న షరతు ఉన్న సూటర్‌కి ఒక చోటు తప్పనిసరి. అతను వెళ్లాకే డిఫెన్స్ ఆటగాళ్లు స్పర్జన్, బ్రోడిన్‌ల పక్కన మూడోవాడు డంబాకి చోటు దొరికింది. నన్నడిగితే తప్పు 2012 నాటిది, 2021 నాటిది కాదు.

ప్రశ్న: 35 దాటినవాళ్లకు ఒక్క ఏడాదికే రాస్తే ఈ బాధ ఉండదు కదా?

జవాబు: చాలావరకు ఉండదు. కానీ బోనస్‌లు చూసుకోవాలి. ఆ వయసువాళ్ల ఏడాది ఒప్పందంలో మూల జీతం తగ్గించి బోనస్ పెట్టొచ్చు. క్యాప్ దాటిన బోనస్ వచ్చే ఏడాది లెక్కలోకి వెళ్తుంది. 2022-23లో బోస్టన్ బ్రూయిన్స్ బెర్జెరాన్‌కి 25 లక్షలు, క్రెచీకి 20 లక్షల డాలర్లు బోనస్‌గా రాసింది. 2023 వేసవిలో ఇద్దరూ రిటైరయ్యారు. ఆ 45 లక్షలు తర్వాతి సీజన్ క్యాప్‌లో కూర్చున్నాయి.