బంగారం మీద అణువుల పొర: అమ్మాయిని పరిశోధనకు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. లోహాల మీద సేంద్రియ అణువులు పొరలుగా ఎలా సర్దుకుంటాయో పరిశోధన చేస్తానంటోంది. నేను ఉక్కు కర్మాగారంలో పనిచేస్తాను. ఆ చదువుతో ఉద్యోగం వస్తుందో రాదోనని టెన్షన్‌గా ఉంది. బీఈడీ చేయించమంటారా?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఈ విషయం మీ పనికి మరీ దూరం కాదండి. ఉక్కును ఆమ్లంతో శుభ్రం చేసేటప్పుడు ఇన్హిబిటర్ అనే మందు కలుపుతారు కదా. అందులోని సేంద్రియ అణువులు లోహానికి అతుక్కుని, ఆమ్లం దాన్ని తినేయకుండా అడ్డుపడతాయి. అవి అక్కడ ఎలా కూర్చుంటాయన్నదే మీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్న.

పెంటాసీన్‌నే తీసుకోండి. ఐదు బెంజీన్ వలయాలు వరుసగా అతికిన, చిన్న పలక లాంటి అణువు. బంగారం మీద తొలి పొరలో అది పడుకుంటుంది, లోహం అంత గట్టిగా లాగుతుంది మరి. సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) మీద ఆ లాగుడు తక్కువ, అందుకని అణువులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. అణువు అదే అయినా కరెంటు పారే తీరు మారిపోతుంది. థయోల్ అణువులు ఇంకా ముచ్చటగా ఉంటాయి. గంధకం ఉన్న కొస బంగారాన్ని పట్టుకుంటే, తోకలన్నీ గాలికి ఒరిగిన వరిచేనులా సుమారు 30 డిగ్రీలు ఒకే వైపు వాలతాయి. ఇలాంటి అమరికలను చూపించే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్‌ను 1981లో తయారుచేసిన బిన్నిగ్, రోరర్ అనే శాస్త్రవేత్తలకు 1986లో నోబెల్ వచ్చింది. ఈ ప్రశ్న మీద మనసు పడటం నాకైతే ఎంతో సంతోషం.

బీఈడీ ఇప్పుడే వద్దు, ఎమ్మెస్సీ అయ్యాకైనా చేయవచ్చు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయించండి. సీటు రాకపోతే ఆంధ్ర విశ్వవిద్యాలయం మన ఊళ్ళోనే ఉంది. తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, పైగా ఇంటి అద్దె భత్యం. ఫిజిక్స్ మాత్రం వదలొద్దని చెప్పండి, క్వాంటమ్ మెకానిక్స్ రాకుండా ఈ రంగంలో ముందుకు వెళ్ళలేరు.

ఉద్యోగాల సంగతి దాచను. అచ్చంగా ఈ ఒక్క అంశానికే పిలిచే కంపెనీలు తక్కువ. కానీ లోపలి గాలి తీసేసి వాడే వ్యాక్యూమ్ పరికరాలు నడపడం, ఉపరితలాలను పరీక్షించడం వస్తే కోటింగులు, తుప్పు నివారణ, డిస్‌ప్లేలు, చిప్‌ల తయారీ వైపు వెళ్ళవచ్చు. అధ్యాపక వృత్తి ఎలాగూ ఉంది.

నాకున్న సందేహం ఓపిక గురించే. వ్యాక్యూమ్ ఛాంబర్‌ను ఒకటి రెండు రోజులు వేడిచేసి, అన్నీ సిద్ధమయ్యాక శాంపిల్ పాడైతే మళ్ళీ మొదటికి రావాలి. అందుకే ముందు వేసవిలో రెండు నెలలు ఏదైనా ల్యాబ్‌లో ప్రాజెక్టు చేయనివ్వండి. పాడైన శాంపిల్‌ను మళ్ళీ చేయడానికి మర్నాడు ఉత్సాహంగా బయల్దేరిందంటే, నేనైతే పీహెచ్‌డీకి పంపడానికి వెనకాడను.