ఫైల్‌ను జావా తెరవాలంటే...

ప్రశ్న: జావా స్వింగ్‌లో (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. రిపోర్టు పీడీఎఫ్ తయారవగానే అది దానంతటదే తెరుచుకోవాలి. వేరే ప్రోగ్రామ్‌ని నడిపే రన్‌టైమ్ క్లాసులోని ఎగ్జెక్‌కి ‘స్టార్ట్’ అని రాసి పక్కన ఫైల్ పేరు ఇస్తే ఎర్రర్ వస్తోంది. అదే కమాండ్ ప్రాంప్ట్‌లో టైప్ చేస్తే శుభ్రంగా తెరుచుకుంటోంది. తప్పెక్కడ?

జవాబు: తప్పు మీ ఫైల్ పేరులో లేదండీ. విండోస్‌లో స్టార్ట్ అనేది విడిగా ఉండే ప్రోగ్రామ్ కాదు, సీఎండీ (అంటే కమాండ్ ప్రాంప్ట్) లోపలే ఉన్న కమాండ్. ఎగ్జెక్ వెతికేది ప్రోగ్రామ్ కోసం కాబట్టి దానికి దొరకదు. ముందు ‘సీఎండీ /సీ’ తగిలిస్తే నడుస్తుంది గానీ, ఫైల్ పేరులో ఖాళీ ఉంటే కోట్స్ పెట్టాల్సి వస్తుంది, కోట్స్‌లో ఉన్న మొదటిదాన్ని స్టార్ట్ ఏమో విండో టైటిల్ అనుకుంటుంది, దాంతో మీ రిపోర్టు బదులు ఉత్త నల్ల విండో ప్రత్యక్షమవుతుంది! పైగా మాక్‌లో కమాండ్ ‘ఓపెన్’, లినక్స్‌లో ‘ఎక్స్‌డీజీ-ఓపెన్’. ఇన్ని తిప్పలు అక్కర్లేదు.

2006 డిసెంబరులో వచ్చిన జావా 6 నుంచీ జావాతోపాటే వచ్చే ఏడబ్ల్యూటీ ప్యాకేజీలో డెస్క్‌టాప్ అనే క్లాసు ఉంది. ముందు ‘ఈజ్‌డెస్క్‌టాప్‌సపోర్టెడ్’ అని అడగండి, అవునంటే ‘గెట్‌డెస్క్‌టాప్’తో ఆబ్జెక్ట్ తీసుకుని దాని ‘ఓపెన్’ మెథడ్‌కి ఫైల్ ఇవ్వండి, అంతే. వెబ్ పేజీకైతే ‘బ్రౌజ్’, ప్రింట్‌కి ‘ప్రింట్’. జావా 9 నుంచి మాడ్యూల్స్ వాడుతుంటే ‘జావా.డెస్క్‌టాప్’ని మీ మాడ్యూల్‌కి కావాల్సినవి రాసే రిక్వైర్స్‌లో చేర్చాలి.

ఎక్కువమంది బోల్తా పడేది ఎక్సెప్షన్ల (నడుస్తుండగా జావా ఇచ్చే ఎర్రర్ల) దగ్గర. ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వచ్చిందంటే ఆ చోట ఫైలే లేదని, చాలాసార్లు కారణం పూర్తి పాత్ ఇవ్వకపోవడం. ఐఓ ఎక్సెప్షన్ అయితే ఆ రకం ఫైల్‌కి డిఫాల్ట్ అప్లికేషన్ లేదనో, ఉన్నా మొదలవలేదనో అర్థం. ఇంకోటి, పీడీఎఫ్‌ని ఫైల్‌లోకి రాసిన స్ట్రీమ్‌ని క్లోజ్ చేశాకే ఓపెన్ పిలవండి, లేకపోతే సగం రాసిన పీడీఎఫ్ తెరుచుకుని ఫైల్ పాడైందని రీడర్ గోల చేస్తుంది (నేనూ ఒక సాయంత్రమంతా ఇలాగే తల బాదుకున్నాను).

ఇదే కోడ్‌ని రేపు వెబ్ అప్లికేషన్‌లోకి మాత్రం తీసుకెళ్లకండి, తెరుచుకుంటే ఫైల్ సర్వర్ మీద తెరుచుకుంటుంది, అది చూసేవాళ్లెవరూ అక్కడ ఉండరు. అలాగే పీడీఎఫ్‌ని యూజర్ ఎప్పుడు మూసేశాడో ఈ ఓపెన్ చెప్పదు, వెనక్కి ఏమీ ఇవ్వదు. అది మీకు తప్పనిసరైతే ప్రాసెస్‌బిల్డర్‌తో ఆ రీడర్‌నే నేరుగా నడిపి, అది ముగిసేదాకా ఆగే ‘వెయిట్‌ఫర్’ పెట్టుకోవాలి, కాకపోతే అప్పుడు ఏ రీడరో మీరే ఎంచుకోవాలి.