మనం రాసింది మనమే దిద్దుకోవడం ఎలా?

రాసిన వెంటనే దిద్దొద్దు, ఒక రాత్రి పక్కన పెట్టేయండి, అప్పుడే మన బుర్రలో ఉన్నది కాకుండా కాగితం మీద ఉన్నది కనిపిస్తుంది. తర్వాత బయటికి గట్టిగా చదవండి, ఇదొక్కటి చేసినా సగం పని అయిపోతుంది, ఊపిరి చాలని చోట వాక్యం పొడుగైందని చెవికే తెలిసిపోతుంది.

మా తిరుపతి కొండకి పోయొచ్చిన సంగతి నేను మొదట "అలిపిరి మెట్ల మార్గం ద్వారా కాలినడకన కొండపైకి చేరుకోవడం జరిగింది" అని రాసినాను, చదివితే ఆఫీసు నోటీసులా ఉండింది, "అలిపిరి నుంచి నడిచి కొండెక్కినాం" అని మార్చినాను. ఎనిమిది మాటలు నాలుగైనాయి, అర్థం ఏం తగ్గలా. ఈ "జరిగింది" ఎక్కడ కనిపించినా ఆగి చూడండి, నిజంగా చెప్తున్నా.

పేర్లు, 3,550 మెట్లు లాంటి అంకెలు మాత్రం చివర్లో విడిగా సరిచూసుకోండి, చదివే ఊపులో కంటికి ఆనవు.