ప్రాజెక్టు ఫైలు మాట మరిచిపో

చిరంజీవి చెల్లెమ్మకు,

ఎంవీపీ కాలనీలో కూర్చుని ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చదివిన నీ కథని, మధురవాడలో రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మిక్స్ చేసే అబ్బాయికి ఎలా అందించాలని అడిగావు. నీ ప్రాజెక్టు ఫైలు రీపర్‌లో తెరుచుకోదు. అతనికి కావలసినవి రెండే: శబ్దం, ఎక్కడ ఏం చెయ్యాలో చెప్పే నీ గుర్తులు.

శబ్దం తేలిక. ఒక్కో గొంతుకి ఒక్కో వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. మామూలుగా ఎగుమతి చేస్తే ట్రాకులన్నీ కలిసి ఒక్క ఫైలైపోతాయి కాబట్టి విడివిడిగా ఎగుమతి చేసే ఆప్షన్ ఎంచుకో. ప్రతి ఫైలూ సున్నా దగ్గరే మొదలవ్వాలి. మొదటి ఖాళీని కత్తిరించే ఆప్షన్ ఉంటే టిక్కు తీసెయ్. రివర్బ్ (గదిలో ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్) వెయ్యకు, అది అతని పని. ఎంపీ3 అసలు వద్దు, మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరి గొంతు జరుగుతుంది.

తంటా అంతా గుర్తులతోనే. ఆడాసిటీలో గుర్తుల్ని లేబుళ్లంటారు, అవి టెక్స్ట్ ఫైలుగా వస్తాయి: వరసకొకటి, మొదలు, ముగింపు, పేరు, మధ్యలో ట్యాబ్, కాలం సెకన్లలో. రీపర్‌లో గుర్తుల పట్టిక అయిన రీజియన్, మార్కర్ మేనేజరుకి మాత్రం సీఎస్‌వీ (కామాలతో గడులు విడదీసిన టెక్స్ట్ ఫైలు) కావాలి. శీర్షికల వరస ఊహించకు. అతని చేత రూలర్‌ని (పైనుండే కాలపు కొలబద్దని) సెకన్లకు మార్పించి, రెండు ఉత్తుత్తి మార్కర్లు పెట్టించి, ఎగుమతి చేయించి తెప్పించుకో; ఆ నమూనాలోనే నీవి నింపు. మొదలు, ముగింపు ఒకటే అయితే అది మార్కర్, నంబరు గడిలో ఎం1, ఎం2; వేరైతే రీజియన్, ఆర్1, ఆర్2. ఎక్సెల్‌లో దాచేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకో, లేకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. పేర్లలో కామా పెట్టకు, గడి చీలిపోతుంది.

వేవ్ ఫైలు లోపలే గుర్తులు దాచే పద్ధతీ ఉంది. అక్కడ లెక్క సెకన్లలో కాదు, శాంపిళ్లలో. శాంపిల్ అంటే శబ్దపు ఒక్కో కొలత; సెకనుకు 48,000 కొలతల రేటులో సరిగ్గా పది నిమిషాలంటే 2,88,00,000వ శాంపిల్. ఆ అంకెనే 44,100 లెక్కన చదివితే గుర్తు 10 నిమిషాల 53 సెకన్ల దగ్గర పడుతుంది. అందుకే గుర్తులు తప్పాయని అతను ఫోన్ చేస్తే, తేడా మొదట్లోనూ చివర్లోనూ ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా అని అడుగు. ఒకేలా ఉంటే ఎవరో మొదలు కత్తిరించారు. పెరుగుతుంటే రేటు తప్పింది.

ప్రాజెక్టుని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి చేర్చే ఏఏఎఫ్, ఓఎంఎఫ్ ఫార్మాట్ల సంగతి పెద్ద స్టూడియోలు అడిగినప్పుడు చూద్దాం. బిట్‌విగ్, ప్రిసోనస్ అనే ఆడియో కంపెనీలు కలిసి 2023లో తెచ్చిన అలాంటి ఫార్మాట్ డాప్రాజెక్ట్ మంచిదే, కానీ నాలుగు గొంతుల కథకి అంత హంగామా ఎందుకు?

ఇక గుర్తు పేరు. అదీ రాతే, నువ్వు రచయితవి. ‘ఇక్కడ బాగోలేదు’ అని రాస్తే అతనేం చెయ్యగలడు? ‘07 మూడో టేకు వాడు’, ‘08 భీమిలి అలలు మొదలు’, ‘09 అమ్మా అన్నాక అలలు ఆపు’ అని రాయి. అలలు వేరే ఫైలుగా పంపు. బీచ్ రోడ్డు గాలి నీ గొంతులో కలిసిపోతే ఏ గుర్తూ దాన్ని విడదీయలేదు. అన్నీ ఒకే ఫోల్డర్లో జిప్ చేసి, పంపేముందు కొత్త ప్రాజెక్టులో నువ్వే ఒకసారి తెరిచి మొదటి గుర్తూ చివరి గుర్తూ విని చూడు.

ఆశీస్సులతో,
అన్నయ్య