తమ్ముడూ, ముందు చెవి చూపించుకో

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

పేర్లు గుర్తు రావడం లేదు, మతి పోతోందేమో అని మొన్న ఫోన్లో ఒకటే టెన్షన్ పడ్డావు. ఏ టానిక్ తాగాలి అని అడిగావు. టానిక్ సంగతి తర్వాత, ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లు. మీ ఇంట్లో టీవీ వీధి చివరిదాకా వినిపిస్తోందని మరదలు ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. సరిగ్గా వినపడని పేరు గుర్తెలా ఉంటుంది? పైగా వినపడనివాడు మెల్లగా నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు. అసలు నష్టం అక్కడే. మతి తగ్గిపోయే జబ్బు డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో, మనం సరిదిద్దుకోగల కారణాలు 14 ఉన్నాయని చెప్పింది. వినికిడి, చూపు తగ్గడం, బీపీ, షుగరు, ఒంటరితనం, ఒళ్లు కదల్చకపోవడం అన్నీ అందులో ఉన్నాయి.

డాక్టరు చెవి మెషిన్ పెట్టుకోమంటే పెట్టుకో. పెట్టుకున్న కొత్తలో గిన్నె కిందపడినా పిడుగు పడ్డట్టే ఉంటుంది. విసుగొచ్చి సొరుగులో పడేయకు, మళ్లీ వెళ్లి సౌండు సరిచేయించుకో. పనిలో పనిగా బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించు. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు పెద్ద వయసులో బుర్రను మందగింపజేస్తాయి. వాడుతుంటే డాక్టరుకు చెప్పు, నీ అంతట నువ్వే ఆపేయకు.

ఇక బుర్రకు పని. పేపర్లో గళ్ల నుడికట్టు మంచిదే కానీ అలవాటయ్యాక చెయ్యి దానంతటదే నింపేస్తుంది. అష్టావధానంలో వారగణనం గుర్తుందా, తేదీ చెప్తే అవధాని వారం చెప్పేస్తాడు? నువ్వూ మొదలుపెట్టు. ఏ ఏడాదైనా ఏప్రిల్ 4, జూన్ 6, ఆగస్టు 8, అక్టోబరు 10, డిసెంబరు 12 ఒకే వారం వస్తాయి. పంద్రాగస్టు కూడా అదే వారం. 1947లో అది శుక్రవారం. అంటే అక్టోబరు 10 శుక్రవారం, 3 కూడా శుక్రవారమే, కాబట్టి గాంధీ జయంతి గురువారం. 2014లో కూడా పంద్రాగస్టు శుక్రవారమే. మరి తెలంగాణ వచ్చిన జూన్ 2 ఏ వారమో తేల్చు. కాగితం ముట్టుకోవద్దు, లెక్కల టీచరుగా చెప్తున్నా. మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకో, వాడు ఫోన్లో చూసి తప్పో ఒప్పో చెప్తాడు. తర్వాత వాడికీ కిటుకు నేర్పు. నేర్పేటప్పుడే తెలుస్తుంది మనకెంత వచ్చో.

చిన్నప్పటి పద్యాలు రోజూ అప్పజెప్పుకుని మురిసిపోవడం కాదు, రాని పద్యం ఒకటి కొత్తగా పట్టు. సాయంత్రం నడక నీకు ఎలాగూ ఉంది.

పేరు మర్చిపోయి కాసేపటికి గుర్తొస్తే కంగారు పడకు. తెలిసిన వీధిలో దారి తప్పినా, కరెంటు బిల్లు కట్టడంలో తికమక పడుతున్నా మాత్రం న్యూరాలజిస్టుకు చూపించాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికే.

ఇంకోటి. మీ ఇద్దరి మందులూ వారానికి సరిపడా డబ్బాలో సర్దేది మరదలే కదా. ఈ ఆదివారం నుంచి ఆ పని నువ్వు చెయ్యి, తను పక్కన కూర్చుని సరిచూస్తుంది.

ఇట్లు,
నీ అక్క