గేటు దగ్గర చతికిలబడితే లాగకండి

పది రోజుల క్రితం తెచ్చుకున్న రెండేళ్ల వీధికుక్క గేటు దాటదని, గొలుసు పట్టి లాగితే వణుకుతోందని రాశారు కదండీ. అది మొండితనం కాదు, భయం. మా రాణి కూడా అంతే, లిఫ్ట్ తలుపు చప్పుడుకే నేలకు అతుక్కుపోయేది.

ఓ వారం వాకింగ్ మాటే ఎత్తకండి. ఒకటికీ రెంటికీ పార్కింగ్‌లో ఓ మూలకు తీసుకెళితే చాలు. మెడపట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్ కొనండి, గొంతు నొక్కుకుపోదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అంతకన్నా వదులైతే బెదిరినప్పుడు జారిపోతుంది. మొదట ఇంట్లోనే వేసి అన్నం పెట్టండి. తర్వాత గుమ్మం దాకా, మర్నాడు మెట్ల దాకా. మధ్యమధ్యలో దానికి పెట్టడానికి, ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు జేబులో ఉండాలి.

అది ఆగితే మీరూ ఆగండి. తాడు వదులుగా పట్టుకుని పక్కకు తిరిగి నిలబడండి. రాణి నన్ను ఒకసారి పావుగంట నిలబెట్టింది, పాలప్యాకెట్ల అబ్బాయి నవ్వుకుంటూ పోయాడు. చివరికి ముక్కు చాచి గాలి వాసన చూసి, తనే రెండడుగులు వేసింది. ఆ రోజుకి అది చాలనుకుని వెనక్కి వచ్చేశాం.

తెల్లవారుజామున 5 గంటలకైతే ట్రాఫిక్ ఉండదు, రోడ్డూ కాలదు. మీ వీధిలో కుక్కల గుంపు ఉంటే మాత్రం వేరే దారి చూసుకోండి.

ఈలోగా ఒకసారి డాక్టరుకి చూపించండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ, అరికాలిలో ముల్లు దిగినా కుక్కలు ఇలాగే కదలవు. తిండి కూడా తగ్గించిందా? అదొకటి చెప్పండి.